హజ్జా నౌఫా విన్న గది

మా వీధికి మంగళవారం నీళ్ళొస్తాయి. ఆ రోజు ఐన్ ఖర్రూబ్‌లో మా వీధివాళ్ళెవరూ పెళ్ళి పెట్టుకోరు, ప్రయాణం కట్టరు, చచ్చిపోవాలన్నా బుధవారం దాకా ఓపిక పడతారు. తెల్లారేసరికి మేడల మీద ట్యాంకులు గుడగుడమంటాయి, కింద వాషింగ్ మెషీన్లు తిరుగుతాయి, దుప్పట్లూ తివాచీలూ పిట్టగోడలెక్కుతాయి. ఐన్ అంటే ఊట. ఊరి పేరులో అది ఉంది గానీ ఆ ఊట మా తాతల నాడే ఎండిపోయింది. పేరు మార్చడానికి మాత్రం ఎవరికీ మనసొప్పలేదు.

ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే జుమానా ఒక మంగళవారం సెలవు పెట్టి, ఇంటిల్లిపాది బట్టలూ నానబెట్టుకుని కూర్చుంటే నీళ్ళు రాలేదు. ఒళ్ళు మండి, సబ్బు చేతులతోనే ఫోన్ తీసి ఫేస్‌బుక్‌లో ఒక పేజీ తెరిచింది. దానికి "నీళ్ళొచ్చాయా?" అని పేరు పెట్టింది. ఏ వీధికి ఎప్పుడొచ్చాయి, ఎంతసేపొచ్చాయి, వాల్వు తిప్పే మనిషి ఎక్కడున్నాడు, అందులో రాసేదంతా ఇంతే. మొదట్లో మగవాళ్ళు నవ్వారు, ఉతుకుళ్ళ ముచ్చట్లన్నారు. ఏడాది తిరిగేసరికి ఆ నవ్వినవాళ్ళే కాఫీ హోటల్లో పేకముక్కలు కింద పెట్టి ముందు ఆ పేజీ చూసుకోవడం మొదలుపెట్టారు.

అందులో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. కానీ వీధులన్నిటి సంగతీ ఒకచోట చేరేసరికి ఒక నిజం దానంతటదే పైకి తేలింది. ఊరందరికీ వారానికొక రోజు వచ్చే నీళ్ళు, గుట్ట మీద అబూ నాయిఫ్ దానిమ్మ తోటకి మాత్రం వారం పొడుగునా వస్తున్నాయి. అబూ నాయిఫ్ మా కౌన్సిలర్. నీళ్ళ పంపకం ఆయన చేతిలోనే ఉంది. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ఇంటర్నెట్టు ఎంత చెడ్డదో ఆయన ఊరూరా తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు, ఆ ఉపన్యాసాలన్నీ ఇంటర్నెట్టులోనే పెట్టించాడు.

మక్కా వెళ్ళొచ్చిందని ఊరంతా హజ్జా అని పిలిచే జుమానా నాయనమ్మ నౌఫాకి చదువు రాదు. అయితే రాసిన మాట ఉన్న ఫోన్‌ని చెవికి ఆనించుకుంటే, ఆ మాట రాస్తున్నప్పటి గది ఆవిడకి వినిపిస్తుంది. వెనకటి రోజుల్లో కాఫీ మడ్డిలో జాతకం చూడమని, తాగి బోర్లించిన కప్పు పట్టుకుని ఆవిడ దగ్గరికొచ్చేవాళ్ళు, ఇప్పుడు ఫోన్లు పట్టుకొస్తున్నారు. అంతకు మించి దాని గురించి ఊళ్ళో ఎవరూ బుర్ర పాడుచేసుకోలేదు. ఒక తల్లికి గల్ఫ్‌లో ఉన్న కొడుకు "కడుపునిండా తిన్నానమ్మా" అని రాస్తే, ఆవిడ కాసేపు విని, వాడి గదిలో గాలి తప్ప ఇంకేం లేదు, గిన్నె చప్పుడన్నదే లేదు, వెంటనే ఫోన్ చెయ్యమని ఆ తల్లికి చెప్పేది. కాబోయే భర్త "ఆఫీసులో ఉన్నాను" అని రాసిన మాటలో పాచికల గలగల విని, పెళ్ళికి ముందే తెలిసింది, మంచిదేలే అనేది. అబూ నాయిఫ్ పేరు మీద "ప్రజల కోసం నాకు కంటి మీద కునుకు లేదు" అని ఊరందరికీ వచ్చిన సందేశంలో ఆవిడకి వినిపించింది గురక. రాసింది ఆయన మేనల్లుడు, పక్కన నిద్రపోతున్నది ఆయన. ఈ కబురు విని ఊరు రెండు రోజులు నవ్వుకుంది.

హజ్జా నౌఫాకి ఒక కట్టుబాటుంది. ఎవరికి రాసిన మాట వాళ్ళ ఫోన్లోంచే వినాలి. పక్కవాళ్ళ మాట తెస్తే ముట్టుకోదు. పరాయి గుమ్మం దగ్గర చెవి పెట్టడానికీ దానికీ తేడా ఏముందని ఆవిడ అడుగుతుంది.

ఒక గురువారం సాయంత్రం జుమానా పేజీలో "ఎండిన గొంతు" అనే పేరుతో ఎవరో ఇలా రాశారు: "అబూ నాయిఫ్, నీ దానిమ్మలకి నువ్వు పోస్తున్నది నీళ్ళు కాదు, పొరుగిళ్ళ పిల్లల స్నానాలు. మీ అమ్మ బతికుంటే నీ మొహాన ఉమ్మేసేది."

జుమానా దాన్ని చూసి తీసేద్దామనుకునే లోపలే ఊరంతా చదివేసింది. తోట సంగతి ఎంతన్నా సహించేవాడేమో గానీ, చనిపోయిన తల్లి పేరెత్తడంతో అబూ నాయిఫ్ మర్నాడే సైబర్ కేసు పెట్టాడు. పోలీసులు జుమానాని పిలిచి, ఆ రాత ఎక్కడిదక్కడ ఉంచమన్నారు. ఎండిన గొంతు ఎవరో ఆరా తియ్యడానికి వారాలు పడుతుందనీ, అప్పటిదాకా పేజీ ఎవరిదైతే జవాబు వాళ్ళదేననీ చెప్పారు. తప్పు రుజువైతే మూడు నెలల జైలు. జైలుకెళ్ళిన మనిషికి ఆస్పత్రిలో ఉద్యోగం ఉండదు. ఇంట్లో సంపాదించేది జుమానా ఒక్కతే. తండ్రి పోయాడు, తమ్ముళ్ళు చదువుకుంటున్నారు. ఆ వారం ఆమె సూది గుచ్చిన ప్రతివాళ్ళూ అమ్మో అన్నారు, అంతకు ముందు ఆమె చెయ్యి అంత తేలిక.

ఇక జాహా వెళ్ళక తప్పలేదు. పెళ్ళి సంబంధం అడగాలన్నా, రక్తపు గొడవ చల్లార్చాలన్నా, కేసు వెనక్కి తీసుకోమనాలన్నా మా దగ్గర పెద్దలంతా కలిసి అవతలివాళ్ళింటికి వెళ్ళి కూర్చుంటారు. ఇంటాయన కాఫీ పోయిస్తాడు. జాహా పెద్ద ఆ కప్పు అందుకుని, తాగకుండా ఎదురుగా పెట్టేస్తాడు. "తాగు, నువ్వొచ్చిన పని అయింది" అని ఇంటాయన నోటివెంట వచ్చేదాకా అది అలాగే ఉండాలి. ఈ లోపల తాగితే, తనకి అడిగేది ఏమీ లేదని, ఇంటాయన ఎలా అంటే అలాగేనని ఒప్పుకున్నట్టు. నడక రాని పిల్లలకి కూడా ఇది తెలుసు.

మా జాహాకి పెద్ద జుమానా పెదనాన్న అబూ ఖల్దూన్. పాతికేళ్ళు పటాలంలో ఉండి వచ్చినవాడు, మీసం చూస్తే ఎవరైనా లేచి నిలబడతారు. కానీ పింఛను మొదలయ్యాక ఆయన చేతికి ఫోన్ అతుక్కుపోయింది. వంకాయ కోస్తున్న వీడియో కూడా చివరిదాకా చూసి, కింద "దేవుడు నీ చేతులు చల్లగా చూడాలి" అని రాసేదాకా వదలడు.

ఆ పై శుక్రవారం ప్రార్థనయ్యాక ముప్ఫై మంది దాకా గుట్టెక్కారు. మగవాళ్ళు పెద్ద హాల్లో కూర్చున్నారు. హజ్జా నౌఫా, జుమానా, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు పక్క గదిలో కూర్చున్నారు. అబూ నాయిఫ్ మేనల్లుడు, ఇద్దరు పిల్లల తండ్రి, మామకి ఎన్నికల ప్రచారం చూసేది అతనే, హాలు మధ్యలో ఫోన్ నిలబెట్టి జాహా మొత్తాన్ని లైవ్‌లో పెట్టాడు. ఊరి పెద్దలంతా మామ గుమ్మంలో చేతులు కట్టుకున్నారని జనం చూడాలి కదా. వేలమంది చూశారు. పక్క గదిలో ఆడవాళ్ళు కూడా, గోడకవతల జరుగుతున్నదాన్ని ఫోన్లలోనే చూశారు.

అబూ నాయిఫ్ ముందే తన మాట చెప్పేశాడు. ఆ పిల్ల క్షమాపణ చెప్పాలి, పేజీ మూసెయ్యాలి, కేసు సంగతి ఎన్నికలయ్యాక చూద్దాం. అబూ ఖల్దూన్ కప్పు ముందు పెట్టుకుని, గొంతు సవరించుకుని, తాతల నాటి పొత్తులన్నీ ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. బాగా చెప్పాడు. ఇంటాయన ఏమనాలా అని గడ్డం నిమురుకుంటున్నాడు. ఆ సందులో అబూ ఖల్దూన్ బొటనవేలు ఊరుకోలేదు. ఒళ్ళోని ఫోన్లో లైవ్ తెరిచాడు. అందులో తనే ఉన్నాడు. "సింహం మాట్లాడినట్టుంది", "ఆ మీసానికి దండం" అని కింద జనం రాస్తూ ఉన్నారు. మనిషి మురిసిపోయాడు. మురిసిపోతూ, వీడియోలు చూసేటప్పుడు రోజూ ఏం చేస్తాడో అదే చేశాడు. చెయ్యి చాచి కప్పందుకుని కాఫీ తాగేశాడు.

హాలు బిగుసుకుపోయింది. లైవ్ కొంచెం వెనకబడి వస్తుంది కాబట్టి ఆయన ఫోన్లో కప్పు ఇంకా నిండుగానే ఉంది. అందులోని అబూ ఖల్దూన్ నెమ్మదిగా చెయ్యి చాచి దాన్ని ఎత్తుకుంటుంటే, ఇక్కడి అబూ ఖల్దూన్ "వద్దురా, వద్దు" అన్నాడు.

"తాగావు కదా అన్నా, సంతోషం," అన్నాడు అబూ నాయిఫ్. "అయితే నా మాటే ఖాయం. సాయంత్రానికల్లా పేజీ మూసెయ్యాలి."

పక్క గదిలో జుమానా ఫోన్ బోర్లించింది. మూడు నెలలూ, ఉద్యోగమూ, తమ్ముళ్ళ ఫీజులూ ఆ ఒక్క గుక్కలో పోయాయని ఆమెకి అర్థమైంది.

అబూ నాయిఫ్ చెల్లెలు నజ్లాకి గెలిచింది చాల్లేదు. ఒక పిల్లాణ్ణి హాల్లోకి పంపి, అన్న పక్కనున్న ఫోన్ తెప్పించి, ఎండిన గొంతు రాత తెరిచి హజ్జా నౌఫా ముందు పెట్టింది.

"ఎవరికి రాసింది వాళ్ళ ఫోన్లోంచే వింటానంటావు కదా హజ్జా. ఇదిగో మా అన్న ఫోన్. విని చెప్పు. మా అమ్మనన్నది ఎవరో ఈ పూటే తేలిపోవాలి."

నిజానికి జుమానాకి కూడా కావలసింది అదే. రాసిన మనిషి దొరికితే కేసు తన మీద ఉండదు. ఆశగా నాయనమ్మ వంక చూసింది. హజ్జా నౌఫా తలగుడ్డ పక్కకి జరిపి ఫోన్ చెవికి ఆనించుకుంది.

ముందు నీళ్ళు వినిపించాయి. రాతి తొట్టిలోకి ఆగకుండా పడుతున్న నీళ్ళు. తర్వాత గోడ గడియారం, నాలుగు సార్లు టిక్కుమని ఐదోసారి తడబడే గడియారం. తర్వాత గాజులు. ఒక ఆడమనిషి ఏడుపు దిగమింగుకుంటూ ఒక్కొక్క అక్షరం నొక్కుతోంది. గోడకవతల మగవాళ్ళు నవ్వుతున్నారు. హజ్జా నౌఫా ఫోన్ దించింది. దించినా గడియారం వినిపిస్తూనే ఉంది. నాలుగు సార్లు టిక్కుమని, ఐదోసారి తడబడింది. అది ఆవిడ తల మీదే, ఆ గది గోడకే వేలాడుతోంది.

తలుపు దగ్గర అబూ నాయిఫ్ భార్య కాఫీ పాత్ర పట్టుకుని నిలబడి ఉంది. పెద్దకొడుకు పుట్టినప్పటి నుంచీ ఊరికి ఆమె ఉమ్ నాయిఫ్, నాయిఫ్ తల్లి, అంతే. ఎవరింటికి వెళ్ళినా చివరికి కూర్చుని ముందు లేచే మనిషి. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. గాజులు చప్పుడు కాకుండా రెండో చేత్తో పట్టుకుంది. హజ్జా నౌఫా చెవి సంగతి ఊళ్ళో అందరికీ తెలిసినట్టే ఆమెకీ తెలుసు.

"చెప్పు హజ్జా," అంది నజ్లా.

ఒక పక్క మనవరాలు, ఇంకో పక్క ఉమ్ నాయిఫ్. ఆ ముసలావిడ జన్మలో ఎన్నడూ విన్నదానికి ఒక్క మాట కలపలేదు, తీసెయ్యలేదు.

"నీళ్ళమ్మా," అంది చివరికి. "ఒట్టి నీళ్ళ చప్పుడు. నా చెవులు పోయినట్టున్నాయి."

ఎవరి మొహం వంకా చూడకుండా ఆ మాట అంది కాబట్టి నాయనమ్మ అబద్ధమాడుతోందని జుమానాకి తెలిసిపోయింది. నోరు తెరవబోయింది. హజ్జా నౌఫా ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

ఉమ్ నాయిఫ్ తలుపు దగ్గర్నుంచి కదిలింది. వెళ్ళి పొయ్యి మీద కాఫీ పాత్ర వేడి చేసుకుని, దుప్పటా సర్దుకుని, ఆడవాళ్ళెవరూ వెళ్ళని ఆ హాల్లోకి, లైవ్ నడుస్తుండగానే నడిచి వెళ్ళింది. మగవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. అబూ ఖల్దూన్ ముందు ఖాళీ కప్పు తీసి పక్కన పెట్టి, కొత్త కప్పులో కాఫీ పోసింది.

"అన్నయ్యా, ఇందాక మీరు తాగింది అతిథి కప్పు. ఎండలో గుట్టెక్కి వచ్చారని నేనే పంపాను. అడిగే కప్పు ఇదిగో, ఇప్పుడు పోస్తున్నా. ఈ ఇంట్లో ఏ కప్పు ఏదో చెప్పాల్సింది నేను."

మొదట అతిథి కప్పు ఇవ్వడం మా దగ్గర ఉన్న పద్ధతే. కాదనే వీలు ఎవరికీ లేకపోయింది. అబూ ఖల్దూన్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఫోన్ ఎవరి ఒళ్ళోకి విసిరాడో ఆయనకే గుర్తులేదు.

ఉమ్ నాయిఫ్ భర్త వైపు వంగి, కప్పు ఆయనకి కూడా నింపుతూ చెవిలో నాలుగు మాటలు చెప్పింది. హాల్లో ఎవరికీ వినపడలేదు, లైవ్ చూస్తున్న వేలమందికీ వినపడలేదు. ఏం చెప్పిందో చాలా రోజులకి ఆమే జుమానాకి చెప్పుకుంది. రాసింది నేనే, అంది. కేసు నడిస్తే పోలీసులు వచ్చి ఆగేది మన గుమ్మం ముందే, అంది. మీ అమ్మ ఊట దగ్గర బిందె నింపుకుని, దారిలో ముసలివాళ్ళ ఇళ్ళల్లో పోసి, మిగిలింది ఇంటికి తెచ్చేదని నువ్వే నాకు చెప్పావు, నేను రాసింది అబద్ధమైతే ఈ పూటే నన్ను పుట్టింటికి పంపు, అంది.

అబూ నాయిఫ్ మొహం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. భార్య వంక చూశాడు. ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. అతన్ని వంచింది పరువు భయమో, తల్లి జ్ఞాపకమో నాకు తెలియదు. రెండూ ఉంటాయి, మనిషి కదా. లైవ్ కింద జనం "కాఫీ చల్లారిపోతోంది కౌన్సిలర్ గారూ" అని రాయడం మొదలుపెట్టారు. మేనల్లుడు ఆపేద్దామని లేస్తే, అబూ నాయిఫ్ చేత్తోనే కూర్చోమన్నాడు.

"తాగు అబూ ఖల్దూన్," అన్నాడు. "నువ్వొచ్చిన పని అయింది. కేసు రేపు వెనక్కి తీసుకుంటా. పేజీ జోలికి నేను రాను."

అబూ ఖల్దూన్ వెంటనే తాగలేదు. నిజంగా అన్నాడా అని అటూ ఇటూ చూసి, ముగ్గురు తలూపాక తాగాడు.

గుట్ట దిగుతూ జుమానా నాయనమ్మ చెయ్యి పట్టుకునే నడిచింది. మలుపు దగ్గర ఇక ఉండబట్టలేకపోయింది.

"నీకు తెలిసింది కదా నాయనమ్మా. ఆవిడ లేచి రాకపోతే నా గతేంటి? నేను జైలుకెళ్ళినా నీకు ఫర్వాలేదా?"

హజ్జా నౌఫా ఆగి ఊపిరి తీసుకుంది. "నువ్వు జైలుకెళ్తే ఊరు ఊరంతా వెళ్ళి ఆ గేటు ముందు కూర్చుంటుంది. నీ మీద ఆ నమ్మకముంది నాకు. ఆమె పేరు నేను చెప్తే ఆమె కోసం ఎవరు కూర్చుంటారే?"

జుమానాకి కోపం పోలేదు. ఇంటికెళ్ళాక నాయనమ్మకి ఇష్టమని సేజ్ ఆకు వేసి టీ పెట్టి, చక్కెర మాత్రం కావాలనే తక్కువ వేసింది.

కేసు మర్నాడు తీసేశారు. ఎండిన గొంతు అన్న పేరు కూడా ఇంటర్నెట్టులోంచి మాయమైంది. ఎన్నికల్లో అబూ నాయిఫే గెలిచాడు, కాకపోతే పోయినసారి ఎత్తుకుని ఊరేగించినవాళ్ళు ఈసారి చెయ్యి కలిపి వెళ్ళిపోయారు. ఓట్లకి ముందు "నీళ్ళొచ్చాయా?" పేజీలో ప్రతి అభ్యర్థినీ జనం ప్రశ్నలడిగారు, అందరూ జవాబు రాయాల్సొచ్చింది. ఆయన జవాబులు ఆయనే రాశాడు, తప్పుల తడకగా. గురక లేదని హజ్జా నౌఫా చెప్పింది.

ఎండలు ముదిరాక ఒక వారం ఊళ్ళో సగం వీధులకి అసలు నీళ్ళే రాలేదు. పైపు ఎక్కడో పగిలింది. జనం తిట్టుకుంటూ పేజీ నింపేశారు. మధ్యాహ్నం వేళ వాటి మధ్యలో, ఫొటో లేని కొత్త ఖాతా నుంచి ఒక రాత వచ్చింది.

"గుట్ట మీద దానిమ్మ తోట వెనక రాతి తొట్టి నిండుగా ఉంది. బిందెలతో కాదు, ట్యాంకర్ తీసుకుని రండి. గేటు తీసి ఉంచుతాను. రువైదా."

రువైదా ఎవరని ఊరంతా అడిగింది. ఫలానావాళ్ళ కోడలని ఒకరు, టీచరమ్మని ఒకరు, ఎవరో మోసగాళ్ళని ఒకరు రాశారు. అబూ ఖల్దూన్ అయితే ఇది రాజధాని అమ్మాన్‌లో ఉండే నటి పేరని పందెం కాశాడు. ఆడమనిషి పేరు నలుగురిలో పలకడం మా మగవాళ్ళకి నామోషీ. మా ఇంట్లోవాళ్ళంటారు, పిల్లల తల్లంటారు, పేరు మాత్రం పెళ్ళి కాగితం మీదే ఉండిపోతుంది. రువైదా తమ ఇంటి మనిషేనని చెప్పుకునేవాడు ఎవడూ రాలేదు, వాదన గంటసేపు నడిచింది.

అప్పుడు అబూ నాయిఫ్ ఖాతా నుంచి, ఊరంతా చూసేలా, జవాబొచ్చింది.

"రువైదా నా భార్య."

జుమానా ఆ మాట రెండుసార్లు చదివి, ల్యాబు తలుపు దగ్గరగా వేసి, ట్యాంకర్ డ్రైవర్‌కి ఫోన్ చేసింది.